సున్నా దగ్గర

బయట మైనస్ ముప్పై ఒకటి.
ధాన్యం ఎలివేటరు మీది దీపం కూడా
బిగుసుకుపోయినట్టుంది.
ఆంబ్రోస్ లాఫ్రాంబ్వాజ్ తన ఎనభై తొమ్మిది మోడల్ ట్రక్కును
షెడ్డులోకి తెచ్చాడు. తెచ్చాడనడం కంటే
ఆగిపోకుండా బతిమాలుకుంటూ వచ్చాడనాలి.

"రైలు గేటు దగ్గర ఆగానంటే చాలు, నెట్టీ,
వణికి వణికి ఆరిపోతుంది.
రోడ్డెక్కితే మాత్రం బంగారం."

ముందే సస్కటూన్‌లో ఎవరో
ప్లగ్గులు మార్చారు, వైర్లు మార్చారు, కాయిల్ మార్చారు,
ఇంజెక్టర్లు కడిగారు.
బిల్లులన్నీ రబ్బరు బ్యాండు వేసి దాచాడు,
తీరని జబ్బుకు మందుచీటీల్లా.

నేనేమీ మార్చలేదు. కాసేపు విన్నాను.
గాలి లీకు వెతికాను, లేదు.
డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు పట్టి ఊపాను, బిగువుగానే ఉంది.
మొదటి సిలిండరు వైరుకు క్లిప్పు తగిలించి
టైమింగ్ లైటు ఎత్తాను.
తళుక్కుమన్నప్పుడల్లా తిరిగే చక్రం ఆగినట్టు కనపడాలి,
సుద్దతో దిద్దిన గీత సున్నా ఎదుట నిలవాలి.
నాలుగు ఇటు, మూడు అటు,
కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది గీత.

కంప్యూటరున్న ఇంజన్లతో ఒక చిక్కు.
ఐడిల్ పడిపోతుంటే అది ఊరుకోదు,
నిప్పురవ్వను కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరుపుతూ
తూలేవాణ్ణి భుజం పట్టి నడిపిస్తుంది.
ఆ సాయం చూసి మనం రోగమనుకుంటాం.
అందుకని ఆ ఒక్క వైరు,
నల్ల చారున్న గోధుమరంగు వైరు, ఊడదీశాను.
వదిలెయ్ వాణ్ణి, నిలబడతాడో లేదో చూద్దాం.

నిలబడలేదు.

అప్పుడొచ్చింది నాకు అనుమానం,
ఇంజన్ మీద కాదు.
పోయిన శీతాకాలం నుంచీ నా కుడిచేతిలో
కాఫీ కప్పు అంచుదాకా అలలు లేస్తున్నాయి.
ఎవరికీ చెప్పలేదు.
చేత్తో బతికేదాన్ని, చేతిమీద ఫిర్యాదు ఎవరికి చెయ్యను?
ఊగేది ఆ గీతా, నా మణికట్టా?

ఆంబ్రోస్ కాఫీ పోసుకోడానికి అటు తిరగ్గానే
లైటును రేడియేటర్ చట్రానికి రెండు క్లాంపులతో బిగించి
మీటకు టేపు చుట్టాను.
వెనక్కి జరిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని చూశాను.
నాలుగు ఇటు.
మూడు అటు.
ఎంత హాయనిపించిందో చెబితే సిగ్గు.

ఆడలేక మద్దెల ఓడంటారు.
ఈసారి నిజంగానే మద్దెల ఓడు.

ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి,
పొడవాటి రెంచీతో క్రాంక్‌ను ఒకవైపు తిప్పాను,
రోటరు కదలగానే ఆపాను.
ఇప్పుడు వెనక్కి. ఒక డిగ్రీ, రెండు, ఐదు,
రోటరు నిద్రపోతోంది. పది. పదకొండు.
పదమూడో డిగ్రీకి ఉలిక్కిపడి లేచింది.
ఆ మధ్యదంతా ఎవరికీ చెందని నేల.
టైమింగ్ చెయిన్ సాగిపోయింది.
లాగుతున్నంతసేపూ బిగిసే ఉంటుంది,
పని తగ్గిందో, వదులై కొట్టుకుంటుంది.
కోతలయ్యాక, నవంబరులో, మా ఊరి మగాళ్ళూ ఇంతే.

మర్నాడు సాయంత్రానికి కొత్త చెయిన్ పడింది.
వైరు ఇంకా తగిలించకముందే
ఆంబ్రోస్‌ను పిలిచి చూడమన్నాను.
లైటు ఈసారి చేత్తోనే పట్టుకున్నాను.
వెలుగు అంతటా వణికింది, ఫ్యాన్ బెల్టు మీద,
గోడమీది పానాల మీద, అతని గడ్డం మీద.
గీత మాత్రం సున్నా దగ్గర
మేకు కొట్టినట్టు.

అతను గీతను చూడలేదు.
"బుధవారం డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా," అన్నాడు.
"దారిలో రైలు గేటు దగ్గర కాసేపు ఆగి చూద్దాం."

ఇంజన్ ఆపి, వంగి,
ఆ నల్ల చార వైరు మళ్ళీ తగిలించాను.